మెతుకు పట్టి చూచిన ఆకాశం

అన్నం ఉడికినదో లేదో తెలుసుకొనడానికి గృహిణి కుండలోని మెతుకులన్నిటినీ పట్టి చూడదు. ఒక్క మెతుకు తీసి వ్రేళ్ళ నడుమ నొక్కి చూస్తుంది, కుండ దించుతుంది. పూర్వులు దీనికి స్థాలీపులాక న్యాయమని పేరు పెట్టి, వంటయింటి విద్యను తర్కశాస్త్రంలోనికి తెచ్చుకొన్నారు. ఈ న్యాయం పైకి కనబడినంత సులభమైనది కాదు. మెతుకులన్నీ ఒకే బియ్యానివై, ఒకే మంట మీద ఒకే నీటిలో ఉడికినప్పుడే ఒకదాని సాక్ష్యం తక్కినవాటికి చెల్లుతుంది. అంతకన్న సూక్ష్మమైన నియమం మరొకటి ఉన్నది. నొక్కి చూచే వ్రేలి గుణం మెతుకు గుణంగా తోచకూడదు. కాయలు కాచి మొద్దుబారిన వ్రేలికి పలుకుగా ఉన్న మెతుకు కూడ మెత్తగానే తగులుతుంది.

ఈ రెండవ నియమాన్ని భారతదేశంలో ఒక శాస్త్రపద్ధతిగా నిలిపినవాడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన ఆయన, ఆ దశాబ్ది చివరి సంవత్సరాలలో బెంగాలులోని జనుపనార పంట విస్తీర్ణాన్ని అంచనా కట్టే పనికి పూనుకొన్నాడు. పొలాలన్నీ తిరిగి కొలవడం సాధ్యం కాదు. కొన్నిటిని ఏరి చూడాలి. ఏరి చూచినది ఎంతవరకు నమ్మదగినదో ఎట్లా తెలియాలి? ఆయన కనిపెట్టిన ఉపాయం ఇది: ఒకే ప్రాంతానికి నమూనాలను రెండు వరుసలుగా ఏరి, ఒక్కొక్క వరుసను ఒక్కొక్క బృందం చేత విడివిడిగా కొలిపించడం. రెండు ఫలితాల మధ్య ఎడం ఎంత ఉన్నదో అంతవరకు అది పొలం చెప్పిన మాట కాదని తేలిపోయేది. అది ఏరిన తీరుదో, కొలిచిన చేతిదో అయి ఉండాలి.

పొలాన్ని కొలిచేవానికి ఒక భాగ్యం ఉన్నది. సందేహం తోచినప్పుడు మళ్ళీ గట్టు మీదికి పోయి చూడవచ్చు. విశ్వం పెరిగి పెద్దదైన కథను కంప్యూటరులో మళ్ళీ నడిపి చూచే గణకునికి ఆ భాగ్యం లేదు. అతడు చూడబోయే పొలం అతని యంత్రంలోనే ఉన్నది; దానిని నాటినవాడూ అతడే. అందులో మొలిచినదానిలో ఏది ఆకాశానిది, ఏది తన చేతిది అని విడదీయడమే అతని వృత్తిలోని కష్టమంతా.

విశ్వంలోని పదార్థంలో దాదాపు ఆరింట అయిదు వంతులు కంటికి కనబడని కృష్ణ పదార్థమని నేటి ఖగోళశాస్త్రం అంచనా. అది వెలుగును వెదజల్లదు, అడ్డగించదు. గురుత్వాకర్షణ చేత మాత్రమే తన ఉనికిని తెలుపుతుంది. ఆదిలో ఇంచుమించు సమంగా పరచుకొని ఉన్న ఈ పదార్థం, ఎక్కడ ఇసుమంత ఎక్కువగా ఉన్నదో అక్కడికి చేరుతూ, తంతువులుగా, ముద్దలుగా కూడినది. ఆ ముద్దల గర్భంలోనికి వాయువు జారి చల్లబడి నక్షత్రాలైనది. ఈ 1380 కోట్ల సంవత్సరాల కథను కాగితం మీద సమీకరణాలతో చివరిదాకా నడపడం సాధ్యం కాదు. అందువలన గణకులు పదార్థాన్ని రేణువులుగా విభజించి, ప్రతి రేణువును తక్కిన రేణువులన్నీ ఎంత బలంతో లాగుతున్నవో లెక్కించి, దానిని కొంచెం జరిపి, మళ్ళీ లెక్కించి, మళ్ళీ జరుపుతారు.

రేణువులని చెప్పినది సౌకర్యం కొరకే. కృష్ణ పదార్థం నిజంగా ఏ రేణువులతో ఏర్పడినదో ఇంతవరకు తేలలేదు. చాలమంది ఊహించినట్లు అవి పరమాణువుల పాటివే అయితే, ఒక్క గెలాక్సీలోనే వాటి సంఖ్య ఒకటి తరువాత అరవైకి పైగా సున్నలు పెట్టవలసినంత. ఏ యంత్రమూ అన్నిటిని మోయలేదు. 2005లో ప్రకటించబడిన సుప్రసిద్ధమైన ‘మిలీనియం’ గణనలో, దాదాపు 200 కోట్ల కాంతిసంవత్సరాల భుజం గల పెట్టెలో, 1000 కోట్లకు పైగా రేణువులు ఉండేవి. జర్మనీలోని గార్షింగ్‌లో ఒక మహాయంత్రం దాదాపు నెలరోజులు దానికే అంకితమై పని చేసినది. అయినా అందులోని ఒక్కొక్క రేణువు బరువు సుమారు 120 కోట్ల సూర్యుల బరువు. పాలపుంత వంటి గెలాక్సీ, తన చుట్టూ ఉన్న కృష్ణ పదార్థంతో సహా, ఆ లెక్కలో సుమారు వేయి రేణువుల మూట మాత్రమే. పరమాణువుకు కణమనే భావం ఇచ్చిన దేశంలో, కణాలను తినువాడని పేరు పొందిన కణాదుడు ఇంత పెద్ద కణాన్ని ఊహించి ఉండడు.

ఇంతదూరం రావడానికి కూడ అరువది సంవత్సరాలకు పైగా పట్టినది. 1941లో స్వీడన్ దేశంలోని లుండ్‌లో ఎరిక్ హోల్మ్‌బెర్గ్ అనే ఖగోళజ్ఞుడు రెండు గెలాక్సీలు దగ్గరగా ఒరసికొనిపోతే ఏమగునో తెలుసుకొనదలచినాడు. కంప్యూటర్లు లేని కాలం. దూరం పెరిగినకొద్దీ గురుత్వాకర్షణ ఏ నియమం ప్రకారం తగ్గుతుందో వెలుగు తీక్ష్ణత కూడ అదే నియమం ప్రకారం తగ్గుతుంది. కాబట్టి ఆయన ఒక్కొక్క గెలాక్సీకి 37 చొప్పున చిన్న విద్యుద్దీపాలను సమతలం మీద అమర్చి, ఒక్కొక్క దీపం ఉన్నచోట పడే వెలుగును ఫోటోసెల్‌తోను గాల్వనామీటరుతోను కొలిచి, దాని ప్రకారం దీపాలను చేతితో కొంచెం కొంచెంగా జరిపినాడు. 74 దీపాలతో రెండు గెలాక్సీల సమాగమం! ఆ తరువాత 1960లో హైడెల్‌బెర్గ్‌లో సెబాస్టియన్ ఫాన్ హోర్నర్ కంప్యూటరు మీద 16 కాయాల చలనాన్ని లెక్కించినాడు. 1963లో స్వెర్ ఆర్సెత్ ఆ సంఖ్యను 100కు పెంచినాడు. 1970లో జేమ్స్ పీబుల్స్ కోమా గెలాక్సీ గుంపును 300 రేణువులతో, 1974లో ప్రెస్, షెక్టర్ అనే ఇద్దరు విశ్వవ్యాప్తిని 1000 రేణువులతో అనుకరించినారు. రేణువుల సంఖ్య పెరుగుతూ వచ్చినది. కాని కొరత అన్నది తీరే జాతిది కాదు.

కొరత వలన కలిగే మొదటి దోషం రేకుల కప్పు మీద వాన వంటిది. ధారగా కురిసే పెద్దవానలో చినుకు చినుకుగా శబ్దం తెలియదు, ఏకనాదం వినబడుతుంది. వాన పలుచబడినకొద్దీ ఒక్కొక్క చినుకు విడిగా టపటపమంటుంది. 1918లో వాల్టర్ షాట్కీ విద్యుత్తు విషయంలో ఈ సంగతిని గుర్తించినాడు. ప్రవాహమని అనుకొనేది నిజానికి ఎలక్ట్రానుల జల్లు గనుక అందులో సహజంగానే ఒక సద్దు ఉంటుందన్నాడు. లెక్క సులభమే. ఒకచోట సగటున 100 రేణువులు యాదృచ్ఛికంగా పడవలసి ఉంటే, ఆ సంఖ్య ఇంచుమించు పది అటో ఇటో అవుతుంది. అంటే నూటికి పది తేడా. 10,000 రేణువులయితే నూటికి ఒకటి. 10 లక్షలయితే వేయికి ఒకటి. సద్దు పదవ వంతుకు తగ్గాలంటే రేణువులు నూరురెట్లు కావాలి. నిశ్శబ్దం ఖరీదైన వస్తువు.

ఆదివిశ్వంలో గెలాక్సీలకు బీజాలైన హెచ్చుతగ్గులు, అప్పటి వెలుగు నేటికి మోసుకొని వచ్చిన సాక్ష్యం ప్రకారం, లక్షకు ఒక వంతు పాటివి. గణకుడు తన రేణువులను పిడికెడు విత్తనాలవలె ఊరక చల్లినట్లయితే ఆ చల్లడంలోని సద్దు అసలు బీజాలను ముంచివేస్తుంది. గురుత్వాకర్షణకు ఏది బీజమో ఏది సద్దో తెలియదు. ఎక్కువ ఉన్నచోటికల్లా లాగుతుంది. కాబట్టి చల్లిన సద్దు కూడ పెరిగి పెద్దదై గెలాక్సీ వేషం ధరిస్తుంది.

దీనికి విరుగుడు తెలుగు వాకిళ్ళలో ప్రతి ఉదయం కనబడేదే: చుక్కల ముగ్గు. గణకుడు రేణువులను చుక్కలవలె సమాన దూరంలో వరుసలుగా పెట్టి, పిమ్మట ఒక్కొక్క చుక్కను ఆదిబీజాల లెక్క ప్రకారం ఇసుమంత జరుపుతాడు. ఎంత జరపాలో 1970లో రష్యా శాస్త్రజ్ఞుడు యాకొవ్ జెల్దోవిచ్ ఇచ్చిన సూత్రం చెబుతుంది. చుక్కలలో యాదృచ్ఛికమైన సద్దు లేదు. కాని వాటికి అడ్డవరుసలు, నిలువువరుసలు ఉన్నవి. ఆకాశానికి అట్టి వరుసలు లేవు. ఈ లోపాన్ని పోగొట్టడానికి సైమన్ వైట్ 1990ల దశాబ్దిలో ఒక చమత్కారమైన మార్గాన్ని వివరించినాడు. రేణువులను ముందు యథేచ్ఛగా చల్లి, గురుత్వాకర్షణను తిరుగవేసి వికర్షణగా మార్చి, ఒకదానికొకటి ఎడంగా జరిగి కుదుటపడేదాకా యంత్రాన్ని నడపాలి. అప్పుడు సమత్వం ఉంటుంది, వరుసలు ఉండవు. గాజులో పరమాణువుల అమరిక అట్టిది గనుక దానికి గాజు అమరిక అని పేరు వచ్చినది.

రెండవ దోషం ఆరంభంలోనిది కాదు, నడకలోనిది. నిజమైన కృష్ణ పదార్థంలో ఒక రేణువు మరొక రేణువు ప్రక్కగా పోయినా దాని నడక మారదు. అది కోటానుకోట్ల రేణువుల ఉమ్మడి లాగుడుకే లోబడి ఉంటుంది. యంత్రంలోని రేణువు ఒక్కొక్కటి కోట్ల సూర్యుల బరువుది. అట్టివి రెండు దగ్గరగా వస్తే ఒకదానినొకటి విసరివేస్తవి. అట్టి విసురులు పోగుపడి వ్యవస్థ తన పూర్వచరిత్రను ఎంతకాలానికి మరచిపోతుందో లెక్క కట్టినవారిలో అగ్రగణ్యుడు లాహోరులో 1910లో పుట్టిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1942లో వెలువడిన ఆయన గ్రంథం నక్షత్రాల గుంపుల చలనానికి పునాది వేసినది. రేణువులు ఎంత ఎక్కువగా ఉంటే ఆ మరపు అంత ఆలస్యంగా వస్తుంది. వేయి రేణువుల గుంపులో ఒక రేణువు ఈ కొసనుండి ఆ కొసకు ఇరవైసార్లు పోయి వచ్చేలోగానే మరపు మొదలవుతుంది.

ఈ విసురులను అణచడానికి గణకులు రేణువుల మధ్య ఆకర్షణను దగ్గర దూరాలలో మెత్తబరుస్తారు. రెండు రేణువులు గోళీలవలె కాక దూదిపింజలవలె ఒకదానిలోనుండి ఒకటి సాగిపోతవి. కాని ప్రతి మెత్తదనానికి ఒక మూల్యం ఉన్నది. దూదిపింజ పరిమాణం కన్న చిన్న విషయాలేవీ ఆ చిత్రంలో కనబడవు. మెత్తదనం తక్కువైతే సద్దు, ఎక్కువైతే మసక. ఈ రెంటి నడుమ సన్నని దారిలో నడవడం కొంత గణితం, కొంత అనుభవం.

ఇక్కడ ఆలోచింపవలసిన విచిత్రం ఒకటి ఉన్నది. ఇదే విసురు, ఇదే సద్దు, ఆకాశంలో కొన్నిచోట్ల పరమసత్యం. గోళాకారపు నక్షత్రగుచ్ఛాలలో కొన్ని లక్షల నక్షత్రాలు ఇరుకుగా కూడి ఉంటవి. అక్కడ నక్షత్రం నిజంగానే ఒక రేణువు. ఒకదానినొకటి విసరుకొనగా విసరుకొనగా బరువైన నక్షత్రాలు నడిబొడ్డుకు దిగుతవి. తేలికైనవి అంచులకు పోయి, కొన్ని గుచ్ఛాన్నే విడిచి వెళ్ళిపోతవి. ఆ గుచ్ఛాన్ని లెక్కించేటప్పుడు ఈ విసురును అణచివేసినవాడు సత్యాన్ని అణచివేసినవాడవుతాడు. కృష్ణ పదార్థాన్ని లెక్కించేటప్పుడు దానిని అణచనివాడు అసత్యాన్ని పెంచినవాడవుతాడు. రెండుచోట్లా సమీకరణం ఒకటే, రేణువు గుర్తు ఒకటే. తాను వ్రాసుకొన్న చుక్క దేనికి ప్రతినిధియో ఎరిగి ఉండడం గణకుని బాధ్యత. యంత్రానికి ఆ ఎరుక లేదు.

ఈ ఎరుక ఎంత అవసరమో చెప్పే ఉదంతం ఈ శతాబ్ది ఆరంభంలోనే జరిగినది. కృష్ణ పదార్థపు రేణువులు ఆదిలో మందంగా కదిలేవయితే దానిని శీతల పదార్థమంటారు. అట్టి విశ్వంలో చిన్న ముద్దలు అసంఖ్యాకంగా పుట్టాలి. కొంత వేగంగా కదిలేవయితే అది వెచ్చని పదార్థం. ఆ వేగంలో చిన్న బీజాలు చెదరిపోతవి గనుక చిన్న ముద్దలు అరుదుగా ఉండాలి. కాబట్టి చిన్న ముద్దల సంఖ్యయే విశ్వం దేనితో చేయబడినదో చెప్పగల సాక్షి. 2001లో పాల్ బోడ్, జెరెమియా ఆస్ట్రైకర్, నీల్ ట్యూరాక్ వెచ్చని విశ్వాన్ని అనుకరించి చూచినారు. పెద్ద ముద్దలను కలిపే తంతువుల పొడవునా చిన్న చిన్న ముద్దలు కనబడినవి. తంతువులు తెగి ముక్కలై ఇవి పుట్టుచున్నవని, ఇది చిన్నవాటినుండి పెద్దవి కాక పెద్దవాటినుండి చిన్నవి ఏర్పడే మరొక పుట్టుక అని వారు వర్ణించినారు. చిత్రంలో అవి దారానికి గ్రుచ్చిన పూసలవలె అందంగా ఉండేవి.

ఆ అందమే సందేహానికి తావిచ్చినది. ప్రకృతి అంత సమానమైన ఎడంతో పూసలు గ్రుచ్చుతుందా? 2007లో జీ వాంగ్, సైమన్ వైట్ అనే ఇద్దరు ఈ ప్రశ్నను ఓపికగా పరీక్షించినారు. వారి పద్ధతిలో మహలనోబిస్ చూచి మెచ్చదగిన సూటిదనం ఉన్నది. అదే విశ్వాన్ని, అవే బీజాలతో, రేణువుల సంఖ్య మాత్రం మార్చి మళ్ళీ మళ్ళీ నడిపినారు. పూసలు తంతువు గుణమయితే వాటి ఎడం మారకూడదు. మారినది. రేణువుల మధ్య మొదట ఉండిన సగటు దూరం తగ్గినకొద్దీ పూసల మధ్య ఎడం కూడ తగ్గినది. చుక్కల వరుసలకు బదులు గాజు అమరికతో ఆరంభించి చూచినారు, పూసలు పోలేదు. ఆ పూసలు గణకుడు ఆదిలో పెట్టిన చుక్కలే. ముగ్గు పూర్తి అయిన పిమ్మట అవి తామే ముగ్గునని ముందుకు వచ్చినవి.

ఈ దోషం నివారణకు ఎంత మొండిదో కూడ వారే చూపినారు. మామూలుగా రేణువులను ఎనిమిదిరెట్లు చేస్తే ఎనిమిదవ వంతు బరువు గల ముద్దలను కూడ నమ్మవచ్చు. ఇక్కడ ఎనిమిదిరెట్లు రేణువులు పోస్తే నమ్మదగిన హద్దు సగానికి మాత్రమే దిగుతుంది. యంత్రబలంతో గెలవదలచినవానికి ఇది నిరుత్సాహకరమైన వార్త. కాబట్టి ఉపాయం మారవలసి వచ్చినది. 2014లో మార్క్ లోవెల్, అతని సహచరులు అనుమానపు ముద్దల వంశచరిత్రను వెదకినారు. ఒక్కొక్క ముద్దలోని రేణువులు ఆదిలో ఎక్కడెక్కడ ఉండేవో వెనుకకు పోయి చూస్తే, నిజమైన ముద్దకు మూలస్థానం గుండ్రని ముద్దవలెనే ఉంటుంది; నకిలీ ముద్దకు పలుచని పలకవలె చదునుగా ఉంటుంది. పుట్టినచోటు చూచి నకిలీని పట్టే మార్గమిది. అంతకు ముందే, 2012లో, టామ్ ఏబెల్, ఆలివర్ హాన్, రాల్ఫ్ కేలర్ మరొక దృష్టిని ప్రతిపాదించినారు. రేణువులను విడివిడి గుండ్లుగా కాక, నేసిన వస్త్రంలోని ముళ్ళుగా భావించాలన్నారు. పదార్థం ముళ్ళలో లేదు, వస్త్రమంతటా పరచుకొని ఉన్నది. వస్త్రం సాగుతుంది, మడతలు పడుతుంది, చిరగదు. వస్త్రంగా లెక్కించినప్పుడు తంతువుల మీది పూసలు మాయమైనవి.

సద్దు లేనిదానిని పుట్టించడమే కాదు, ఉన్నదానిని చంపగలదు కూడ. పెద్ద ముద్దలోనికి జారిన చిన్న ముద్దలు యంత్రంలో చాలవరకు కరగిపోయేవి. పెద్దదాని లాగుడుకు అవి నలిగి నశించినవని చాలకాలం భావించినారు. 2018లో ఫ్రాంక్ ఫాన్ డెన్ బాష్, గో ఒగియా ఆ నాశనంలో అధికభాగం రేణువుల కొరత వలన, మెత్తదనం చాలని తీరు వలన కలిగిన కృత్రిమ నాశనమని వాదించినారు. ఒకచోట అసత్యజననం, మరొకచోట అకాలమరణం. రెండింటికీ కారణం కొరతే.

భారతదేశంలోనూ ఈ శ్రద్ధకు ఆనవాళ్ళు ఉన్నవి. అలహాబాదులోని హరీష్‌చంద్ర పరిశోధన సంస్థలో పని చేయుచు జస్‌జీత్ బాగ్లా 2002లో ప్రకటించిన గణనపద్ధతి, దూరపు లాగుడును ఒక విధంగా, దగ్గర లాగుడును మరొక విధంగా లెక్కించి రెండిటినీ కూర్చినది. పిమ్మట ఆయన సూర్యదీప్ రేతో కలిసి మరొక కొరతను పరిశీలించినాడు. రేణువులు ఎన్ని ఉన్నా వాటిని ఉంచిన పెట్టె చిన్నదయితే, పెట్టె కన్న పొడవైన అలలన్నీ లెక్కనుండి తప్పిపోతవి. రేణువు పెద్దదనం ఒక అంచున, పెట్టె చిన్నదనం మరొక అంచున నిలిచి, వాటి నడుమ ఉన్న ప్రదేశంలోనే గణకుని మాటకు విలువ ఉంటుంది.

ఇన్ని దోషాలు వినిన చదువరికి ఈ విద్య అంతా ఇంద్రజాలమేమో అనే అనుమానం కలుగవచ్చు. అట్లా అనుకొనడం తొందరపాటు. గెలాక్సీలు సాలెగూటి తంతువులవలె అల్లుకొని ఉండడం యంత్రం చూపినది. ఆకాశపు పటాలూ అదే చూపినవి. ఆ సాలెగూడు రేణువుల సంఖ్య మార్చినా మారలేదు, పద్ధతి మార్చినా మారలేదు. నమ్మకానికి ఆధారం చిత్రం అందం కాదు. ప్రశ్నను మార్చి అడిగినా జవాబు నిలవడం. చుక్కల సంఖ్యతో పాటు మారినదానిని కొట్టివేసే ధైర్యమే మిగిలినదానికి బలం.

ఈ నిగ్రహానికి పరీక్షాకాలం సమీపించినది. గెలాక్సీల భ్రమణాన్ని కొలిచి కృష్ణ పదార్థానికి బలమైన సాక్ష్యం తెచ్చిన వేరా రూబిన్ పేర చిలీ పర్వతాల మీద నిర్మించిన వేధశాల 2025 జూన్‌లో తన తొలి చిత్రాలను విడుదల చేసినది. పాలపుంత చుట్టూ తిరిగే మసక మసక చిన్న గెలాక్సీలను ఇదివరకెన్నడూ లేనంత శ్రద్ధగా వెదకడం దాని పనులలో ఒకటి. ఆకాశంనుండి వచ్చిన ఆ సంఖ్యను యంత్రంనుండి వచ్చిన సంఖ్య ప్రక్కన పెట్టి, కృష్ణ పదార్థం శీతలమో వెచ్చనిదో తీర్పు చెప్పవలసి ఉంటుంది. యంత్రపు సంఖ్యలో పది పూసలు అదనంగా ఉన్నా, పది ముద్దలు అకాలంగా కరగినా తీర్పు తారుమారవుతుంది. అందుచేత ఎక్కడో ఒక గణకుడు, చక్కగా పూర్తి అయిన తన లెక్కను ప్రక్కన పెట్టి, రేణువుల సంఖ్య మార్చి, అదే విశ్వాన్ని మళ్ళీ మొదటినుండి నడుపుతున్నాడు.